వాది పేరు, వాది ఊరు



ఎవరి స్మృతికై ఈ ధర్మనిధి ఉపన్యాసము ఏర్పడినదో ఆ పెద్దాయన నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టులలో సివిలు పక్షమున జీవితమంతయు గడపినవారు. పాలుపంపకముల దావాలును, హద్దుగట్ల తగాదాలును, కుదువ భూముల వ్యాజ్యములును ఆయన చేతిమీదుగా ఎన్ని నడచినవో ఈ సభలోని వృద్ధులకు తెలియును. ఆయన గుణగణములను వర్ణించుటకు నాకంటె అర్హులు మీలోనే కలరు, పైగా తన్నెవరైన పొగడ మొదలుపెట్టిన యెడల నశ్యము డబ్బీ పైకి తీసి, “తర్వాతి కేసేమిటి?” అని అడుగుట ఆయన అలవాటు. ఆ అలవాటును మన్నించి నేనును నేరుగా విషయమునకే వచ్చెదను.

సివిల్ న్యాయస్థానమునకు పరిహారము కోరి వచ్చిన వాది, తన పేరు లోకమునకు తెలియకుండ వ్యాజ్యము నడుపుకొనుటకు అనుమతింపదగునా, తగదా? క్రిమినల్ పక్షమున ఈ ప్రశ్నకు శాసనము ఎన్నడో సమాధానము చెప్పినది. అత్యాచార బాధితురాలి పేరు ప్రకటించుట 1983 నుండి శిక్షార్హమైన నేరము. నాడది భారత శిక్షాస్మృతిలోని 228-ఎ సెక్షను, నేడు భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షను. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసున సుప్రీంకోర్టు ఆ నిషేధమును మరింత బిగించి, పేరు మాత్రమే కాదు, ఆమె ఎవరో పోల్చుకొనుటకు వీలిచ్చు ఏ వివరమును బయటపెట్టరాదని ఆదేశించినది. కాని అదే స్త్రీ తనకు జరిగిన అపకారమునకు నష్టపరిహారము కోరి సివిల్ దావా వేయదలచినచో, అదే కోర్టు ఆవరణలో మరియొక గుమ్మమువద్ద 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు ఆమెకు ఎదురగును. 7వ ఆర్డరు 1వ రూలు ప్రకారము దావా పత్రమున వాది పేరును, వివరణను, నివాసస్థలమును ఉండి తీరవలెను. ఒక హాలులో శిక్షాభయము చూపి దాచిన పేరును రెండవ హాలులో అడిగి వ్రాయించుకొనుట వింతయే. ఆ వింతకు మనము ఎంతగా అలవాటుపడితిమనగా, ఈ రెండు గుమ్మములను ఒకే రోజున దాటుచు కూడ దానిని గమనింపము.

అట్లని ఆ రూలు మూర్ఖపు రూలని నేననను. పేరులేని మనిషి ప్రమాణపత్రముపై సంతకము చేయజాలడు. అబద్ధమాడినచో ఎవరిని పట్టవలెనో తెలియదు. ఒకసారి తీర్పైన తగాదాను మరల తెచ్చుట కుదరదను 11వ సెక్షను పనిచేయవలెనన్న, ముందరి దావా ఎవరిదో స్థిరపడియుండవలెను. డిక్రీని అమలు జరుపుకొనువాడెవడు, ఖర్చులు చెల్లింపవలసినవాడెవడు అనునవియు పేరుమీదనే ఆధారపడియున్నవి. వీటికంటె గట్టి కారణము మరియొకటి కలదు, దానిని పుస్తకములు అంతగా చెప్పవు: ఫలానా వాడు ఫలానా విషయమై కోర్టుకెక్కినాడని ఊరిలో తెలిసినప్పుడే, “ఆ సంగతి నాకును తెలుసును” అని ఎన్నడును అనుకొనని సాక్షి యొకడు ముందుకు వచ్చును. పేరు దాచిన దావాకు అట్టి సాక్షి దొరకుట కష్టము.

కాని వాది పేరు మన కోర్టులలో ఏ రూపమున వెలువడునో ఒకసారి చూడుడు. ఉదయము పదిన్నర దాటిన పిమ్మట వరండాలో నిలుచున్నవానికి మొదట వినవచ్చునది బంట్రోతు పిలుపు. కాజ్‌లిస్టు చేతబట్టుకొని అతడు గుమ్మమునకు వచ్చి, వాది పేరును ప్రతివాది పేరును మూడేసి మారులు ఎలుగెత్తి పిలచును. చెట్టుక్రింది పిటిషను రైటరు, చాయ్ హోటలు బల్లమీద వాయిదాకై కూర్చున్నవారు, వకీలు గుమాస్తాలు, అందరును ఆ పిలుపు వైపునకు తల త్రిప్పుదురు. పల్లెనుండి వచ్చిన మొదటి బస్సులో వాదియు, ప్రతివాదియు, వారి వారి సాక్షులును, ఏ పక్షమునకును చెందని ఇరుగుపొరుగును కలిసియే దిగియుందురు గనుక, ఆ పేరు విన్నవారిలో సగముమందికి ఆ మనిషి ఇంటి గడప తెలియును. దావా పత్రపు శీర్షికలో పేరు తరువాత తండ్రి పేరు గాని భర్త పేరు గాని, వయస్సు, వృత్తి, ఊరు, మండలము వరుసగా ఉండును; చాలకాలము కులమును కూడ వ్రాయుచుండిరి. ఆ కులప్రస్తావన మానవలెనని సుప్రీంకోర్టు 2024 జనవరిలో దేశములోని కోర్టులన్నిటికిని చెప్పినది. ఒక్క ఉత్తరువుతో శీర్షికలోని ఒక ముక్క తొలగిపోయినది; అనాదిగా వచ్చినదని భయపడి ఎవరును ముట్టుకొనకుండిన ఆ పంక్తిని ముట్టుకొనవచ్చునని తేలినది.

బహిరంగ విచారణ మన న్యాయవ్యవస్థకు వెన్నెముక యన్న మాటకు ఆధారముగా అందరును ఉదహరించునది 1913లో ఇంగ్లండు ప్రభువుల సభ ఇచ్చిన స్కాట్ కేసు తీర్పు. ఉదహరించువారు చాలమంది ఆ కేసు కథ మరచెదరు. తన వివాహము చెల్లదని ప్రకటింపుమని భార్య పిటిషను వేసినది, విచారణ మూసిన తలుపులవెనుక జరిగినది, ఆమె నెగ్గినది. నెగ్గిన పిమ్మట, తన మర్యాదకు మచ్చ రాకుండుటకై ఆమె విచారణ వాఙ్మూలముల ప్రతులను భర్త బంధువులకు పంపగా, రహస్య విచారణను బయటపెట్టినదని ఆమెపై కోర్టు ధిక్కార నేరము మోపిరి. ప్రభువుల సభ దానిని కొట్టివేసినది. అనగా బహిరంగ న్యాయమునకు మూలమని మనము చెప్పుకొను ఆ కేసున తెర తీయగోరినది వాదియే. తెరను ఆమె నోటికి కట్టినది కోర్టు. ఈ సంగతి నాకు ముందుముందు పనికివచ్చును.

మనదేశమున 1966లో మిరాజ్‌కర్ కేసున తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము ఈ ప్రశ్న అంచును తాకినది. బొంబాయి హైకోర్టులో ఒక వారపత్రిక సంపాదకునిపై నడచుచున్న పరువునష్టపు దావాలో, తన సాక్ష్యము పత్రికలలో పడినచో వ్యాపారము దెబ్బతినునని ఒక సాక్షి కోరగా, దానిని ప్రచురింపరాదని న్యాయమూర్తి నోటిమాటగా ఆదేశించెను. న్యాయము సాగుటకు అవసరమైనచో బహిరంగతను పరిమితము చేయు స్వాభావికాధికారము కోర్టుకు కలదని గజేంద్రగడ్కర్ గారి నాయకత్వమున అధిక సంఖ్యాకులు తీర్మానించిరి. హిదయతుల్లా గారు ఒప్పుకొనలేదు. ఒక వ్యాపారి లాభనష్టములకై అంతటి అధికారమును వాడుట అతిశయమని నా అభిప్రాయము. కాని అధికారము కలదన్న మాట మాత్రము నేటికిని చెల్లుచున్నది. 1976లో కోడులో చేర్చిన 153-బి సెక్షను కూడ, విచారణస్థలము బహిరంగ న్యాయస్థానమని చెప్పుచునే, జనమును గాని ఫలానా వ్యక్తిని గాని లోపలికి రానీయకుండుటకు న్యాయాధికారికి అవకాశమిచ్చినది. తలుపు మూయుటకు చట్టమున దారి కలదు. శీర్షికలోని పేరును మూయుటకు మాత్రము కోడులో ఎచ్చటను స్పష్టమైన దారి లేదు. 151వ సెక్షనులోని స్వాభావికాధికారమును ఆశ్రయించి, ఆ న్యాయాధికారి మనసును నమ్ముకొనవలసినదే.

ఇక మన నేలకు వచ్చెదము. జనగామ తాలూకా నాడు నల్లగొండ జిల్లాలోనిది. ఆ తాలూకాలోని కామారెడ్డిగూడెమున షేక్ బందగీ యను సామాన్య రైతు తన భూమికొరకు విసునూరు దేశముఖును ఎదిరించి కోర్టుకెక్కి, ఏండ్లతరబడి పోరాడి నెగ్గినందుకు, 1940ల తొలినాళ్లలో దేశముఖు మనుషుల చేతిలో ప్రాణము కోల్పోయెను. 1947 నాటి ‘మా భూమి’ నాటకమునకు ప్రాణము పోసినది ఆ చావే. అదే దేశముఖుపై పాలకుర్తి చాకలి ఐలమ్మ తన కౌలుభూమికై నిలిచి, ఆంధ్ర మహాసభ అండతో న్యాయస్థానమున గెలిచినది. వాది పేరు బయటపడుటవలన ప్రాణాపాయము కలుగునను వాదమునకు ఈ మండలమున ఇంతకంటె పెద్ద నిదర్శనము లేదు. కావున పేరు దాచుటకు అనుకూలముగా మాట్లాడువారు బందగీ పేరు తీసికొనుటకు ఉత్సాహపడుదురు.

నేను ఆ పని చేయను. బందగీ పేరును కాజ్‌లిస్టులో దాచియుంచిన మాత్రమున ఆ హంతకుల చేయి ఆగియుండునా? దేశముఖునకు తనపై దావా వేసినదెవరో తెలిసికొనుటకు కాజ్‌లిస్టుతో పనిలేదు. సమను తలుపుమీద అంటించిన అమీనే చెప్పును, దున్నుచున్న పొలమే చెప్పును. ప్రతివాదికి వాది ఎవరో తెలియకుండ ఏ సివిల్ దావాయు నడువజాలదు, నడువరాదు. ఎవరు అడుగుచున్నారో తెలియనివాడు దేనికి జవాబు చెప్పును? బందగీకి కావలసినది గోప్యత కాదు, రక్షణ. రక్షణ ఈయవలసిన ప్రభుత్వము అతనికి ఈయలేదు. ఆ లోటును పేరు దాచుటతో పూడ్చవచ్చునని తలచుట ఆ చావును చులకన చేయుటయే యగును. మరియు ఐలమ్మ గెలుపు ఆ ప్రాంతమునకు ధైర్యమిచ్చినదన్నచో, అది పేరున్న గెలుపు గనుకనే ఇచ్చినది. దొరమీద గెలిచినది ‘ఎక్స్’ అను వాది యని చెప్పి యుండిన ఎవరికి ధైర్యము కలిగెడిది?

కాబట్టి భయమను కారణముమీద పేరు దాచుటకు నేను సమ్మతింపను. సిగ్గు అను కారణముమీద కూడ సాధారణముగా సమ్మతింపను. అప్పు తీర్చలేదని దావా పడుట సిగ్గే, అన్నదమ్ములు వాటాకై కోర్టుకెక్కుట సిగ్గే. కోర్టు ఫీజు చెల్లింపలేని పేదవాడు 33వ ఆర్డరు క్రింద దరఖాస్తు పెట్టుకొనునప్పుడు తనకు గల చరాస్తి, స్థిరాస్తి, వాటి విలువ సహితము జాబితా కట్టి చూపవలెను. అంతకంటె సిగ్గుపడవలసినది మరేమి కలదు? అయినను దానికి పేరు దాచవలెనని ఎవరును కోరలేదు. నేను ఒప్పుకొను సందర్భము ఒక్కటే: వాది ఏ హాని తొలగింపుమని కోర్టుకు వచ్చెనో, పేరు బయటపడుటచేత ఆ హానియే మరల, మునుపటికంటె విస్తారముగా, కోర్టు చేతులమీదుగానే జరుగునట్టిదైనప్పుడు. రోగరహస్యము బయటపెట్టిన ఆసుపత్రిపై రోగి వేయు దావా అట్టిది. ఏకాంతపు ఛాయాచిత్రములు వ్యాపింపజేసినవానిపై స్త్రీ వేయు దావా అట్టిది. వీటిలో పరిహారమునకై చేయు ప్రయత్నమే అపకారమునకు రెండవ విడత యగుచున్నది.

దీనికి మనదేశపు ప్రసిద్ధ ఉదాహరణము 1998 నాటి ‘మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జడ్’. రక్తపరీక్షలో తేలిన హెచ్.ఐ.వి. సంగతి ఆసుపత్రి వెల్లడించినందున తన పెండ్లి ఆగిపోయి, ఊరు విడువవలసి వచ్చినదని ఒక వైద్యుడు నష్టపరిహారము కోరెను. సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకముగా తీర్పు చెప్పి, అట్టి రోగులకు వివాహహక్కు నిలిచిపోయినట్లే యనికూడ వ్యాఖ్యానించినది. ఆ అనవసర వ్యాఖ్యను 2002లో పెద్ద ధర్మాసనము తొలగించినది. నాకు ఇచ్చట ప్రస్తుతమైనది తీర్పు ఫలితము కాదు. ఆ తీర్పులో వాది పేరు ‘ఎక్స్’, ఆసుపత్రి పేరు ‘జడ్’, పెండ్లికూతురు ‘వై’. బాగుగనే యున్నది. కాని అదే తీర్పు మొదటి పేరాలలో ఆయన ఏ రాష్ట్రపు వైద్యసేవలో ఏ హోదాలో చేరెనో, ఏ యేట చేరెనో, ఎవరిని వెంటబెట్టుకొని మద్రాసు ఆసుపత్రికి వెళ్లెనో ఆ రోగి పేరుతో సహా ముద్రింపబడియున్నది. ఢిల్లీలో చదువువానికి ఆయన అజ్ఞాతుడు. ఆయన ఊరివారికి, బంధువులకు, తోడి వైద్యులకు, అనగా ఎవరికి తెలియకూడదని ఆయన కోరుకొనెనో సరిగా వారికే, పేరు చెప్పినంత పని జరిగినది.

మన జిల్లాలకు ఈ పాఠము మరింత వర్తించును. బొంబాయి, పూణె పనులకు పోయి వచ్చు పాలమూరు కూలి యొకడు ఈ రోగముతో తిరిగివచ్చి, ఆ రహస్యమును బయటపెట్టిన వైద్యశాలపై దావా వేసెననుకొందము. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి తెచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టపు 34వ సెక్షను అతనికి ఒక ప్రత్యేకావకాశము నిచ్చినది: అతడు కోరినచో కోర్టు అతని పేరుకు బదులు మారుపేరు వాడవచ్చును, విచారణ లోపలి గదిలో జరుపవచ్చును, అతని గుర్తింపు తెలియునట్లు ఏదియు ప్రచురింపరాదని ఆజ్ఞాపింపవచ్చును. పేరు దాచి దావా నడుపుటకు మన పార్లమెంటు స్పష్టమైన అనుమతినిచ్చిన చోటు ఇది. కావలసిన రూలునకు మాతృక మనచేతిలోనే యున్నదని దీనినిబట్టి చెప్పవచ్చును. కాని పేరు స్థానమున ‘ఎ’ అని వ్రాసి, తరువాతి పంక్తిలో ముప్పదియారేండ్లు, మేస్త్రీ పని, నారాయణపేట జిల్లాలో ఫలానా గ్రామము అని వ్రాసినచో ఏమి దాచినట్లు? మూడువందల గడపల ఊరిలో పూణెలో మేస్త్రీ పనిచేసి వచ్చిన ఆ వయసువాడు ఎందరుందురు? నగరమున మనిషిని పట్టియిచ్చునది పేరు. పల్లెలో పట్టియిచ్చునది వివరణ. 7వ ఆర్డరు పేరును, వివరణను, నివాసమును మూటిని కలిపి అడుగుచున్నది. మారుపేరు మొదటిదానిని మాత్రమే దాచి తృప్తిపడుచున్నది. ఈ సభకు నేను చెప్పదలచి వచ్చిన ముఖ్యవిషయము ఇదియే.

వివాహ వ్యాజ్యముల సంగతి ఇంకను విచిత్రము. 1955 నాటి హిందూ వివాహచట్టపు 22వ సెక్షను, 1976 సవరణ పిమ్మట, ఆ చట్టము క్రిందివగు విచారణలన్నియు లోపలి గదిలోనే జరుగవలెననియు, వాటిని ప్రచురించుట తప్పనియు చెప్పుచున్నది. తప్పినవానికి వేయి రూపాయలవరకు జరిమానా. కాని హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులను అనుమతితో ముద్రింపవచ్చునని అదే సెక్షను మినహాయింపునిచ్చినది. ఆ మినహాయింపు తలుపున బయటపడినదే 1983లో నాటి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి గారు ఇచ్చిన సుప్రసిద్ధమైన తీర్పు. భార్య తనతో కాపురమునకు రావలెనని కడప సబ్‌కోర్టులో భర్త వేసిన పిటిషనుపై పుట్టిన ఆ వ్యాజ్యమున, స్త్రీ శరీరమునకు, శయ్యకు సంబంధించిన స్వేచ్ఛ రాజ్యాంగము కాపాడు ఏకాంతములోనిదని, కాపురపు హక్కుల పునరుద్ధరణను ఆజ్ఞాపించు 9వ సెక్షను చెల్లదని చౌదరిగారు తీర్పు చెప్పిరి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసున తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కని ప్రకటించుటకు మూడు దశాబ్దములకు పైగా ముందే మన హైకోర్టు అంతదూరము చూచినది. మరుసటి యేడే సుప్రీంకోర్టు మరియొక దంపతుల కేసున ఆ అభిప్రాయమును త్రోసిపుచ్చినది. ఏకాంతమును గూర్చి తెలుగుదేశమున వెలువడిన ఆ గొప్ప తీర్పు నేటికిని ఆ భార్య పేరుతోనే, చిన్ననాటి పెండ్లి వివరములతో సహా, న్యాయకళాశాలలన్నిటను వల్లె వేయబడుచున్నది. ఆమె సినిమా నటి గనుక లోకమెరిగినదే యందురు. కావచ్చును, ఆమె పేరు నేనిచ్చట చెప్పను.

క్రింది కోర్టులలో ఈ గోప్యత ఇంకొక విధముగా భగ్నమగును. విడాకుల పిటిషనులో ఎదుటిపక్షమువారు దొరకని యెడల, 5వ ఆర్డరు 20వ రూలు క్రింద పేపరు ప్రకటనకు కోర్టు అనుమతించును. మరుసటి వారము జిల్లా అనుబంధపు పుటలో, బోరుబావుల ప్రకటనకును పాసుపుస్తకము పోయినదను ప్రకటనకును నడుమ, చిన్న అక్షరములలో ఆ దంపతుల పేర్లు, ఊర్లు, పిటిషను నంబరు, అది ఏ సెక్షను క్రిందిదో, వాయిదా తేది అచ్చుపడును. లోపలి గదిలో మాటలాడిన దానిని ప్రచురించినచో వేయి రూపాయల జరిమానా. పేర్లు అచ్చువేయించుటకు అయిన ఖర్చు పిటిషనరే భరించును. అది తప్పనిసరి యని నాకు తెలియును, కాని ఆ ప్రకటనలో సెక్షను నంబరు ఎందుకు? ఫలానా తేదిన ఫలానా కోర్టునకు రావలెనన్నచో చాలదా?

ఇంతవరకు వాది పక్షము చెప్పితిని. ప్రతివాది మాటేమి? పేరు చెప్పని వాది యొకడు పేరున్న వైద్యునిపై దావా వేసినచో, ఊరంతయు ఆ వైద్యుని పేరు చెప్పుకొనుచుండ, నింద మోపినవాడు తెరవెనుక నుండుట న్యాయమా? చిన్న పట్టణములో నర్సింగ్‌హోము నడుపుకొను వానికి దావా ఓడిపోవుటకంటె దావా పడెనన్న మాటయే పెద్ద నష్టము. ఈ అభ్యంతరమునకు నా దగ్గర పూర్తి సమాధానము లేదు. సగము సమాధానము కలదు. మిస్టర్ ఎక్స్ కేసులో ఆసుపత్రి పేరునుకూడ దాచిరి. అది సరియైన పద్ధతి. వాది పేరు దాచినంతకాలము ప్రతివాది పేరునుకూడ దాచవలెను. వాది పక్షమున డిక్రీ అయినచో, వాదిని పట్టియీయనంతవరకు, ప్రతివాది పేరు వెల్లడి కావలెను. దావా కొట్టివేయబడినచో వాది పేరు బయటపెట్టవలెననువారు కలరు. ఓడుట అబద్ధమాడుట కాదు గనుక నేను ఒప్పుకొనను. తెలిసి తెలిసి అబద్ధపు దావా వేసినాడని కోర్టు విచారించి తేల్చిననాడు మాత్రము ఆ తెర తీసివేయవచ్చును. అట్టివానిపై 35-ఎ సెక్షను క్రింద విధింపగల ఖర్చు మూడువేల రూపాయలకు మించరాదను పరిమితి నేటి రూపాయి విలువకు హాస్యాస్పదము. పేరు వెల్లడి యగుననునదే వానికి నిజమైన భయము కాగలదు.

పెద్దాయన కాలమునకు లేని చిక్కు నేడొకటి చేరినది. నాటి దావా ఫైలు రికార్డు గదిలోని బీరువాలో చేరి, చెదలు తినగా మిగిలినది వకీలు గుమాస్తాకు మాత్రము దొరకెడిది. నేడు ఈ-కోర్టుల వ్యవస్థలో పేరు కొట్టినచో కేసు వచ్చును. తీర్పులు దేశదేశములలో చదువబడును. ఇరువదియేండ్ల పిమ్మట పెండ్లిచూపులకు వచ్చినవారు కూతురి పేరుతోపాటు తల్లి పేరునుకూడ వెదకి చూతురు. బంట్రోతు పిలుపు ఆ పూటకు వరండాలోనే అణగిపోవును; ఈ పిలుపు అణగదు. జర్మనీ దేశమున విచారణ తలుపులు తెరచియే యుండును, ఎవరైన పోయి వినవచ్చును. తీర్పులు ప్రచురించునప్పుడు మాత్రము పక్షముల పేర్లు తొలగింతురు. ఐరోపా న్యాయస్థానము కూడ 2018 జులై నుండి సభ్యదేశముల కోర్టులు తనకు నివేదించు కేసులలో వ్యక్తుల పేర్లకు బదులు అక్షరములు వాడుచున్నది. 2022 డిసెంబరులో కేరళ హైకోర్టు కుటుంబ వ్యాజ్యములలో పక్షములు కోరినచో వెబ్‌సైటులో వారి గుర్తింపును దాచవలెనని చెప్పినది. వినుటకు వచ్చినవానికి తలుపు తెరచియుంచి, వెదకుటకు కూర్చున్నవానికి పేరు చిక్కనీయకుండుట మనకును తగిన మార్గమని నాకు తోచుచున్నది.

దీనికి పార్లమెంటు దాక పోనక్కరలేదు. 2019 జనవరి 1న ఏర్పడిన తెలంగాణ హైకోర్టునకు, సివిల్ ప్రొసీజర్ కోడు 122వ సెక్షను క్రింద, మొదటి షెడ్యూలులోని రూళ్లను రాష్ట్ర ప్రభుత్వ ఆమోదముతో మార్చు అధికారము కలదు. నేను తలచిన రూలు ఇట్టిది: పేరు దాచగోరు వాది దావాతోపాటు దరఖాస్తు పెట్టవలెను. నిజమైన పేరు, వివరణ, నివాసము సీలుకవరులో కోర్టుకును, సమనుతోపాటు ప్రతివాదికిని చేరవలెను. సమను అంటించవలసి వచ్చినచో తలుపుమీద పడు కాగితమున నంబరు మాత్రమే యుండవలెను. కాజ్‌లిస్టు, పిలుపు, పేపరు ప్రకటన, వెబ్‌సైటు, తీర్పు అన్నిటను అదే మారుపేరు నడువవలెను. ఊరిపేరు బదులు జిల్లా పేరు, వృత్తి బదులు ఖాళీ. తీర్పులో వాస్తవములు వ్రాయునప్పుడు ఆ ఊరివాడు చదివినను పోల్చుకొనకుండునట్లు వ్రాయు బాధ్యత న్యాయాధికారిపై నుండవలెను. ఇది కష్టమైన పని; తీర్పు వ్రాయుటలో మనకు అలవాటైన నిండుతనమునకు విరుద్ధము.

ఇక ఒక తరగతి దావా మిగిలియున్నది. నా సూత్రము దానిముందు తడబడుచున్నది. మక్తల్, ఊట్కూరు, నారాయణపేట ప్రాంతములలో జోగినీ ఆచారమునకు బలియైన స్త్రీల సంతానమును గూర్చి చెప్పుచున్నాను. 1988 చట్టము ఆ సమర్పణను నిషేధించినది. పుట్టిన బిడ్డలకు తండ్రి ఎవరో ఊరందరికి తెలియును, ఎవరును అనరు. బడిలో చేరునాడు, కులపత్రము తీసికొనునాడు, పెండ్లి మాటలనాడు ఆ ఖాళీ గడి వారిని అడ్డగించును. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టపు 34వ సెక్షను క్రింద, ఫలానావాడు నా తండ్రి యని ప్రకటింపుమని బిడ్డ దావా వేయవచ్చును. విచారణకాలమున ఆ బిడ్డకు, తల్లికి గోప్యత కావలెను: సాక్ష్యముగా అడుగబడు ప్రశ్నలు ఎట్టివో, డి.ఎన్.ఎ. పరీక్షకై ఎంత పెనుగులాట జరుగునో, ఎదురు ప్రశ్నలలో ఆ తల్లి బ్రతుకు ఎట్లు చీల్చబడునో ఈ సభకు నేను చెప్పనక్కరలేదు. కాని డిక్రీ అయిననాడు ఆ బిడ్డ కోరునది గోప్యత కాదు. పేరు నలుగురి ఎదుట వినబడుటయే అతడు కోర్టుకు వచ్చి అడిగిన ఫలము. మారుపేరుతో ఇచ్చిన అట్టి డిక్రీ చెల్లని చెక్కుతో సమానము. స్కాట్ కేసులోని భార్యవలె అతనికిని ఆ కాగితమును చేతబట్టుకొని ఇంటింటికి చూపు హక్కు కావలెను. చూపినందుకు కోర్టు అతనినే దండింపకుండవలెను.

కాబట్టి తెర వాదిది. దానిని తీయు అధికారమును వాదిదే కావలెను, తాను కోరిననాడు, ఒక సాదా దరఖాస్తుతో, ప్రతివాది అభ్యంతరముతో నిమిత్తము లేకుండ. ఆ తండ్రి తన పేరు దాచియుంచవలెనని అప్పుడు కోరినను వినరాదు. ఈ నిబంధనను ఎచ్చట చేర్చవలెనను విషయమున మాత్రము నాకింకను నిశ్చయము కలుగలేదు. 7వ ఆర్డరులో చేర్చినచో అది దావా వేయునాటి సంగతి యగును. డిక్రీలో పక్షముల పేర్లు, వివరణ ఉండవలెనను 20వ ఆర్డరు 6వ రూలునకు మినహాయింపుగా చేర్చినచో, మారుపేరుతో డిక్రీ ఇచ్చి, వాది కోరిననాడు నిజమైన పేరుతో రెండవ ప్రతి ఇచ్చుటకు వీలగును. నాకు రెండవదే మేలని తోచుచున్నది. కాని రికార్డు విభాగమున పనిచేసినవారు మీలో కొందరు కలరు, రెండు ప్రతుల డిక్రీవలన అమలు దశలో వచ్చు చిక్కులు నాకంటె వారికి బాగుగ తెలియును. ఈ ఉపన్యాసము అచ్చగునాటికి వారి అభిప్రాయము వ్రాసి యిచ్చినచో, ఈ రూలు ముసాయిదాతోపాటు దానినికూడ హైకోర్టు రూల్సు కమిటీకి పంపెదము.